చెప్పులు లేకుండా అయిదడుగుల ఎనిమిది

భానుశ్రీకి పెళ్ళయి నలభై రోజులైంది. కొత్త దంపతులు ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్తారని యూసుఫ్‌గూడలో ఇంటి ఓనరుగారు అనుకున్నారు. పది రోజుల క్రితం వాళ్ళు కాచిగూడలో రైలెక్కి, మహారాష్ట్రలో జాల్నా దగ్గర దిగి, బస్సులు మారి లోనార్ సరస్సుకి వెళ్ళారు. ఉప్పునీటి సరస్సు అది. ఒడ్డున రాళ్ళకి తెల్లగా ఉప్పు పెచ్చు కట్టి ఉంది. కొన్ని చోట్ల కాలీఫ్లవర్‌లా ఉబ్బి, కొన్ని చోట్ల పెనం మీద అంటుకున్న దోశ అంచులా లేచి ఉంది. భానుశ్రీ చదివింది జియాలజీ ఎమ్మెస్సీ. ఆ పెచ్చులో సూదుల్లాంటి స్ఫటికాలు చూసి, భర్తను ఏడుసార్లు "ఏవండీ, ఇటు రండి" అని పిలిచింది. కేదార్ ఏడుసార్లూ వచ్చాడు.

ఆమె అక్కడికి వెళ్ళింది చూడ్డానికి మాత్రమే కాదు. పంజాగుట్టలో చక్రపాణిగారని ఒక రిటైర్డ్ ప్రొఫెసరు సరస్సుల మీద పరిశోధన నడుపుతున్నారు. ఆయనకొక సహాయకురాలు కావాలి. రాళ్ళ మీద పెచ్చు ఎంత ఎత్తున ఉంటే ఒకప్పుడు నీళ్ళు అంతవరకూ ఉండేవని ఆయన లెక్క. "ఫొటోలు తీసి, ఎత్తులు రాసి, శుక్రవారం నాలుగింటిలోగా తెండి. పనితనం చూసి చెబుతాను" అన్నారు. ఈ పని దొరక్కపోతే భానుశ్రీ కూడా సోమవారం నుంచి అమీర్‌పేటలో జావా క్లాసుకి వెళ్ళాలి. మామగారు అడ్వాన్సు కట్టేశారు. రెండు వేల సంవత్సరం అది. అమీర్‌పేటలో మేడ మీదికి మెట్లున్న ప్రతిచోటా జావా చెబుతున్నారు.

రాళ్ళ ఫొటోలో కొలత తెలియడానికి పక్కన ఏదో ఒక తెలిసిన వస్తువు పెట్టాలి. సాధారణంగా సుత్తి పెడతారు. భానుశ్రీ సుత్తి ఇంట్లోనే ఉండిపోయింది. సంచిలో దాని చోట అత్తగారి జంతికల డబ్బా ఉంది. టేపు గురించి ఇద్దరికీ తోచలేదు. అందుకని ప్రతి రాయి పక్కనా ఆమె కేదార్‌నే నిలబెట్టింది. లెక్క తప్పకుండా చెప్పులు కూడా విప్పించింది. ఆ ఉప్పు మీద అతను వట్టి కాళ్ళతో పందొమ్మిది రాళ్ళ దగ్గర నిలబడ్డాడు. ప్రతి ఫొటోలోనూ నవ్వాడు.

శుక్రవారం పన్నెండింటికి అమీర్‌పేటలో రాజనర్సయ్య కలర్ ల్యాబ్‌లో కవరు విప్పి చూస్తే పందొమ్మిది ఫొటోల్లోనూ కేదార్ ముఖం చక్కగా వచ్చింది. రాళ్ళు లేవు. అవి ఉండాల్సిన చోట తెల్ల కాగితం ఉంది.

"ఏమైందమ్మా, మంచిగ రాలేదా?" అన్నాడు రాజనర్సయ్య. వాళ్ళ పెళ్ళి రిసెప్షన్‌కి ఫొటోలు తీసింది ఆయనే. "సారు మొఖం సూడున్రి, ఎట్ల మెరుస్తుందో."

"మెరుస్తోందండీ. నాక్కావలసింది రాళ్ళు."

"రాయికేం మొఖముంటదమ్మా. మేం మొఖం చూసే ప్రింట్ కొడతం. ఇరవై ఏండ్ల సంది గదే పని."

"రాళ్ళు కనబడేట్టు మళ్ళీ కొట్టండి. ఆయన ముఖం ఎలా వచ్చినా ఫర్వాలేదు."

"సారు నల్లగయితడు."

"అవనీండి."

"కొత్త పెండ్లికొడుకు. బొగ్గు లెక్క వస్తడు. జర సోచాయించున్రి."

భానుశ్రీ ఆలోచించనక్కర్లేదంది. రాజనర్సయ్య నెగెటివ్‌లు తీసుకుని మిషను దగ్గరికి నడిచాడు. "గీ కవర్ మీద మా ల్యాబ్ ముద్ర మాత్రం వెయ్యను. చూసినోళ్ళు ఏమనుకుంటరు" అని లోపల్నుంచి చెప్పాడు.

రెండు గంటలకి ప్రింట్లు వచ్చాయి. కేదార్ నీడలా ఉన్నాడు. అతని పక్కన రాళ్ళు ఒక్కో పొరా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఉప్పు సూదులు, వాటి కింద సన్నని గోధుమరంగు చార, చార కింద నల్లరాయి. భానుశ్రీ పక్క బండి మీద ఉస్మానియా బిస్కెట్లు కొనుక్కొచ్చి, రాజనర్సయ్యకి రెండిచ్చి, తను రెండు తింటూ కౌంటరు మీదే కాగితం పరిచి ఎత్తులు రాయడం మొదలుపెట్టింది. పైన శీర్షికగా రాసింది: స్కేలు, మనిషి, చెప్పులు లేకుండా అయిదడుగుల ఎనిమిదంగుళాలు.

రాజనర్సయ్య బిస్కెట్ నములుతూ ఆ కాగితం చదివాడు. నమలడం ఆపాడు.

"గీ ఎన్మిది ఎవలు చెప్పిండ్రమ్మా?"

"పెళ్ళి సంబంధానికి పంపిన బయోడేటాలో ఉంది. అక్కడ ఒడ్డున అడిగితే ఆయనా అదే అన్నారు."

ఆయన కౌంటరు తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"చెప్పండి" అంది భానుశ్రీ.

"సారొస్తడు గద, సారునే అడుగున్రి."

"నాలుగింటికి ఈ కాగితం ఇచ్చేయాలి. మీరే చెప్పండి."

"తప్పేం లేదమ్మా. శానా మందికి చేస్తం. రిసెప్షన్ల స్టేజి మీద సారు కాళ్ళ కింద ఇటుకలు పెట్టినం. మీద ఎర్ర గుడ్డ కప్పినం. మీ మామగారు చెప్పిండు, పెట్టమని."

పెళ్ళిచూపుల్లో కంటే రిసెప్షన్‌నాడు కేదార్ కొంచెం పొడుగ్గా కనిపించిన మాట భానుశ్రీకి గుర్తుంది. అది తన సంతోషం వల్ల అనుకుంది.

శ్రీనగర్ కాలనీలోని ఆఫీసు నుంచి పర్మిషన్ తీసుకుని, ఆమెను పంజాగుట్ట తీసుకెళ్ళడానికి కేదార్ స్కూటర్ మీద మూడింటికి వచ్చాడు. వచ్చేసరికి భార్య చేతిలో పక్క షాపు టైలరు టేపు ఉంది. రాజనర్సయ్య గోడ దగ్గర స్టూలు జరుపుతున్నాడు.

"షూ విప్పి గోడకి ఆనుకోండి" అంది భానుశ్రీ.

కేదార్ రాజనర్సయ్యను చూశాడు. "నువ్వు చెప్పావా?"

"నేనేం చెప్పలే సార్. కాయితం అడిగింది."

అతను షూ విప్పాడు. తల మీద స్కేలు అడ్డంగా పెట్టి రాజనర్సయ్య గోడ మీద పెన్సిల్ గీత గీశాడు. టేపు అయిదడుగుల ఆరు చూపించింది. ముగ్గురూ చూశారు.

"అది నాన్నగారు రాశారు" అన్నాడు కేదార్. "అందరూ రెండంగుళాలు కలిపి రాస్తారు, మనం కలపకపోతే నిన్ను అయిదూ నాలుగు అనుకుంటారు అన్నారు."

"మరి సరస్సు దగ్గర నేను అడిగినప్పుడు?"

"అప్పటికి పెళ్ళయి నెల రోజులే కదా."

"ఇప్పుడు నలభై రోజులు."

"నీ బయోడేటాలో వీణ వచ్చని ఉంది."

"దాంతో ఎవరూ రాళ్ళు కొలవరండీ."

రాజనర్సయ్య వాళ్ళిద్దరి మధ్యా తన క్యాలిక్యులేటర్ పెట్టి పక్కకి తప్పుకున్నాడు. పందొమ్మిది ఎత్తులూ మళ్ళీ కట్టాలి. భానుశ్రీ నొక్కుతూ పోయింది. నాలుగడుగుల మూడంగుళాలన్న పెచ్చు నాలుగడుగుల ఒకటిన్నరకి దిగింది. రెండడుగుల పది ఉన్నది రెండడుగుల తొమ్మిదయింది. తప్పు అంకె మీద ఒక్క సన్నని గీత కొట్టి, పక్కన కొత్తది రాసింది. చివరికి శీర్షికలో ఎనిమిది మీద కూడా గీత కొట్టి ఆరు వేసింది.

"వైట్‌నర్ పెట్టొచ్చుగా" అన్నాడు కేదార్ మెల్లగా. "కింద ఎనిమిది కనబడుతోంది."

"కనబడాలి. కొలత తప్పితే చెరపకూడదు, గీత కొట్టాలి. కాలేజీలో మొదటి రోజే చెబుతారు."

"ఆయన అడిగితే?"

"చెబుతాను."

కేదార్ షూ లేసులు చాలాసేపు కట్టుకున్నాడు. లేచాక, "మూడున్నరైంది, పద" అన్నాడు.

పంజాగుట్టలో మూడో అంతస్తులో చక్రపాణిగారు ఫొటోలు ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి చూశారు. కేదార్ గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ప్రొఫెసరుగారు కాగితం చేతిలోకి తీసుకున్నారు. మొదటి వరుస దగ్గరే ఆగారు.

"ఈ ఎనిమిది ఏమిటి?"

"ముందు అలా రాశాను సార్. బయోడేటాలో చూసి. ఇప్పుడు కొలిస్తే ఆరు వచ్చింది."

"ఎవరి బయోడేటా?"

భానుశ్రీ గుమ్మం వైపు చూసింది. చక్రపాణిగారు కళ్ళజోడు సవరించుకుని ఆమె చూసినవైపే చూశారు. ఫొటోలోని నీడనీ, గుమ్మంలోని మనిషినీ ఒకసారి పోల్చుకున్నారు. ఆయన ముఖంలో ఏమీ మారలేదు.

"ఎంతసేపటి క్రితం కొలిచారు?"

"గంట కూడా కాలేదు సార్."

"అన్నీ మళ్ళీ కట్టారా?"

"పందొమ్మిదీ కట్టాను."

ఆయన ఒక కాగితం తీసుకుని మూడు ఎత్తులు తన పెన్నుతో లెక్కకట్టి చూసుకున్నారు. మూడూ సరిపోయాయి. సొరుగులోంచి ఫారం తీసి ఆమె ముందుకి జరిపారు. "ఒకటో తారీఖు నుంచి రండి. ఇకమీదట టేపు తీసుకెళ్ళండి" అన్నారు.

పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడింది. భానుశ్రీ వెనక సీట్లో ఫారం మడత విప్పి తన పేరు పక్కన కొత్త ఇంటిపేరు ఎలా ఉందో మళ్ళీ చూసుకుంది. బాగానే ఉంది.

"కొత్త లెక్కలో నీళ్ళెంత తగ్గాయి?" అన్నాడు కేదార్ ముందుకే చూస్తూ.

"ఎత్తయిన రాయి దగ్గర ఒకటిన్నర అంగుళం."

"సరస్సు మొత్తం తగ్గినట్టేనా?"

"మొత్తం."

కేదార్ తల ఊపాడు. సిగ్నల్ మారింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.