సగటున బాగానే ఉన్న పిల్ల

సోమవారం ఉదయం యారవిన్ ఊరి బడి ఆవరణలో పిల్లలందరూ వరసలుగా కూర్చుంటారు. ప్రధానోపాధ్యాయుడు హాబ్డే మైకు ముందు నిలబడి ఆ వారం పెన్ను లైసెన్సు సంపాదించినవాళ్ల పేర్లు చదువుతాడు. అక్షరాలు కుదురుగా వచ్చేదాకా పిల్లలు పెన్సిలుతోనే రాయాలి. కుదిరాయని టీచరు ఒప్పుకున్నాక పేరు రాసిన అట్టముక్క ఒకటి చేతికి వస్తుంది. ఆ రోజునుంచి పెన్ను పట్టుకోవచ్చు. తల్లులు ఫోటోలు తీస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. చూడముచ్చటైన వేడుక. ఆ చప్పట్ల చాటున ఒక పిల్ల ఏం పోగొట్టుకుంటోందో మాత్రం ఎవరూ లెక్క వేసుకోలేదు.

ఆ పిల్ల పేరు మార్నీ డ్రిస్కాల్. పదేళ్లు, అయిదో తరగతి. తోటివాళ్లంతా మూడులోనో నాలుగులోనో పెన్ను పట్టారు. తరగతి మొత్తంలో మార్నీ చేతిలోనే పెన్సిలు మిగిలింది. పిల్లలు పేరు పెట్టి పిలవడం మానేసి "ఏయ్ పెన్సిలూ" అనసాగారు. మూడో తరగతి పిల్ల ఒకతె తన అట్టముక్క చూపించి, "కావాలంటే నీకు నేను నేర్పుతాలే" అంది. ఆ పిల్ల వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే జాలిపడింది. మార్నీని ఎక్కువ బాధపెట్టింది అదే.

తండ్రి రస్‌కు రైలు గోదాముల పక్కన పంపులు, పైపులు అమ్మే కొట్టు ఉంది. బడి వదలగానే మార్నీ అక్కడికే చేరేది. గొర్రెలు మేపే రైతులు వచ్చి బోరు ఇంత లోతు, తొట్టి అంత ఎత్తున ఉంది, ఇన్ని గొర్రెలు తాగాలి, ఏ పంపు కావాలి అని అడిగేవారు. రస్ పట్టికల పుస్తకం తెరిచేలోపు మార్నీ కాసేపు పైకప్పు వంక చూసి, పంపు మార్చక్కర్లేదు, పైపు ఒక సైజు పెంచితే ఇదే సరిపోతుందని చెప్పేసేది. రస్ తర్వాత పుస్తకంలో చూసుకుంటే ఆమె చెప్పిందే అయ్యేది. కాలమ్ అనే ముసలి రైతు రాగానే, "రస్, నువ్వు కాస్త పక్కకి జరుగు. నాకు యజమానురాలితో పని" అని నవ్వేవాడు.

అదే పిల్లను పంపు పేరు, రైతు పేరు కాగితం మీద రాయమంటే అక్షరాలు గీత మీద నిలిచేవి కావు. ఒకటి కొండెక్కేది, ఇంకొకటి లోయలో పడేది. రెండు వరసలు రాసేసరికి చెయ్యి బిగుసుకుపోయేది. రస్ దాన్ని పట్టించుకోలేదు. తన రాతా కోడిగీకుడే, అయినా బతకలేదా అనుకున్నాడు. వచ్చిన సరుకును గీత పడిందేమోనని పదిసార్లు తిప్పి చూసే మనిషి, కూతురి విషయంలో ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

ఆ ఏడాది ఆగస్టులో జిల్లా విద్యాశాఖవాళ్లు లెక్కల్లో ముందున్న పిల్లలకు వారానికొక రోజు ప్రత్యేక తరగతి పెడుతున్నట్టు ప్రకటించారు. టీచరు సంతకంతో పేర్లు నవంబరు నెలాఖరులోగా చేరాలి. చోటు దొరికిన పిల్లలకు పెద్ద పట్నంలోని మంచి ఉన్నత పాఠశాలకు దారి సులువవుతుంది. మార్నీ తల్లి జోనీ ఎంతో ఆశతో బడికి వెళ్లింది. మార్నీ టీచరు మిస్ పెన్‌రోజ్ మర్యాదగానే చెప్పింది. ప్రవేశ పరీక్ష సిరాతో రాయాలి కనుక పెన్ను లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లే పంపాలని ఈ బడి నియమం. ముందు అది తెచ్చుకోమనండి, తర్వాత చూద్దాం.

ఈ మాట మార్నీ విన్నది. ఆరు వారాలపాటు మాదిరి కాగితం ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. అందులో వాంబాట్ అనే జంతువు తవ్వుకునే బొరియ గురించి ఒక పేరా ఉంది. ఆమె దాన్ని రాయలేదు, బొమ్మగా గీసింది. ఒక్కో అక్షరం వంపు, దాని పొడవు, పక్కదానికి ఎంత దూరం, అన్నీ కొలతలుగా గుర్తుపెట్టుకుంది. మాదిరి కాగితం మధ్య మడత గీతను కూడా అక్షరాల్లో భాగమే అనుకుని ప్రతి కాగితం మీదా సన్నగా గీసింది. వేలి మీద చర్మం లేచింది. చివరికి తరగతిలో అదే పేరా తప్పు లేకుండా దించింది. లైసెన్సు వచ్చింది, చప్పట్లు మోగాయి. జోనీ ఫోటో తీసింది.

మూడు రోజుల తర్వాత చరిత్ర పాఠం సొంతంగా రాయమంటే అక్షరాలు మళ్లీ గీత దాటి దొర్లాయి. ఆ రెండు కాగితాలూ హాబ్డే బల్ల మీదికి చేరాయి. తర్వాతి సోమవారం ఆయన మార్నీని మైకు దగ్గరికి పిలిచి అట్టముక్క తిరిగి ఇమ్మన్నాడు.

"చేతకానివాళ్లని నేనెప్పుడూ ఏమీ అనను" అన్నాడు పిల్లలందరి వైపూ చూస్తూ. "చేతనయ్యి కూడా ఒళ్లు వంచనివాళ్లనే అంటాను."

చదివేవారు ఇక్కడ ఒక్కసారి ఆగాలి. ఆ పిల్ల ఆరు వారాలు పడ్డ కష్టమే ఆమె బద్ధకానికి సాక్ష్యమైంది. కష్టపడకపోయి ఉంటే చేతకానిదని వదిలేసేవారు. కష్టపడింది కనుక దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

ఆ సాయంత్రం కాలమ్ కొట్టుకు వచ్చి తన కొత్త తొట్టి సంగతి చెప్పాడు. మార్నీ పైకప్పు వంక చూడలేదు. "పుస్తకంలో చూసుకోండి" అని వెనక గదిలోకి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అప్పుడు రస్‌కు భయం వేసింది. బిడ్డ బుర్ర కళ్లముందే తలుపులు మూసుకుంటోంది.

పిల్లల అభ్యసనాన్ని పరీక్షించే నిపుణురాలు ఆ ప్రాంతానికి నెలకొకసారి వచ్చేది. జోనీ పట్టుబట్టి మార్నీని చూపించింది. తర్కంలో, లెక్కల్లో ఈ పిల్ల వందమందిలో మొదటి ఇద్దరిలో ఉంటుందనీ, చేతిరాతలో చివరి నలుగురిలో ఉంటుందనీ, ఇది బద్ధకం కాదు, పుట్టుకతో వచ్చే ఒక అభ్యసన వైకల్యమనీ ఆమె రాసిచ్చింది. బడివాళ్లు ఆ అంకెలన్నీ కలిపి భాగించి తమ ఫారంలో ఒక్క మాట నింపారు: సగటు. ప్రత్యేక సాయం అవసరం లేదు.

నవంబరులో హాబ్డే గదిలో ఆయన, మిస్ పెన్‌రోజ్, రస్, జోనీ కూర్చున్నారు. మార్నీ బయట వరండాలో ఉంది.

"చూడండి రస్, సగటున మీ అమ్మాయి బాగానే ఉంది" అన్నాడు హాబ్డే.

"ఒక ట్యాంకు పొర్లిపోతోంది, ఇంకోటి ఎండిపోయి గొర్రెలు చస్తున్నాయి అని రైతు నా దగ్గరికొస్తాడనుకోండి. సగటున రెండూ సగం సగం ఉన్నాయిలే, ఇంటికెళ్లమంటే మళ్లీ నా గడప తొక్కుతాడా?"

"ఇది పంపుల కొట్టు కాదండీ."

"తెలుస్తూనే ఉంది. నేను తప్పు సరుకిస్తే వెనక్కి తీసుకుంటా."

హాబ్డే ముఖం ఎర్రబడింది. రాతలో సాయం కావాలంటే వెనకబడినవాళ్ల గదికి పంపుతామన్నాడు. లెక్కల తరగతి కావాలంటే అందరిలాగే పెన్నుతో రాయాలన్నాడు. రెండూ ఒకే పిల్లకు ఇస్తే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు, ఏదో ఒకటి తేల్చుకోండి అన్నాడు.

"కళ్లజోడు పెట్టుకున్న పిల్లని, జోడు తీసెయ్యి, లేదంటే చదువు మానెయ్యి అంటారా మీరు?" అని అడిగింది జోనీ.

"కళ్లజోడు వేరమ్మా."

"ఎలా వేరో చెప్పండి."

జోనీ సంచిలోంచి మార్నీ సాధన చేసిన కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. నూటికి పైగా ఉన్నాయి. అంతవరకూ నోరు విప్పని మిస్ పెన్‌రోజ్ ఒకటి అందుకుంది, తర్వాత ఇంకొకటి. ప్రతిదాని మధ్యలోనూ అదే మడత గీత, కొలిచినట్టు అదే చోట. ఆమె మూడోది కూడా తీసి పక్కన పెట్టి పోల్చింది.

"దీన్నే శ్రద్ధ అంటారు" అన్నాడు హాబ్డే. "ఇదే శ్రద్ధ రోజూ పెట్టమంటున్నాం, అంతే."

"ఒక్క పేరాకి ఆరు వారాలు పట్టింది సార్" అంది మిస్ పెన్‌రోజ్. "రోజుకి ఎన్ని పేరాలు రాయిస్తున్నాం మనం?"

ఆమె జిల్లాకు పంపే ఫారం ఇమ్మంది. హాబ్డే నియమం గుర్తుచేశాడు. పెన్ను నియమం జిల్లావాళ్లది కాదు, మనం పెట్టుకున్నదే అంది. ఫారం కింద, ఈ విద్యార్థిని జవాబులు నోటితో చెప్పడానికి అనుమతించగలరు అని రాసి సంతకం చేసింది. దీన్ని మీరు చేసిన తప్పని మీ రికార్డులో నమోదు చేస్తానని ఆయన హెచ్చరించాడు. నమోదు చెయ్యండి అని ఆమె లేచి వరండాలోకి వచ్చింది.

మార్నీకి సంగతంతా చెప్పింది.

"నోటితో చెబితే చాలా మిస్?"

"చాలమ్మా."

"మరి ఇన్నాళ్లూ మీరెవరూ నన్ను నోటితో చెప్పమని ఎందుకడగలేదు?"

మార్నీ జవాబు కోసం ఆగలేదు. సంచి భుజాన వేసుకుని తండ్రి బండి వైపు నడిచింది.

పరీక్షలో జవాబులు నోటితో చెప్పిన మార్నీకి ఆ తరగతిలో చోటు దొరికింది. రాతపనికి బడిలో ఆమెకొక చిన్న కంప్యూటరు కూడా ఇవ్వాల్సి వచ్చింది. హాబ్డే మనస్ఫూర్తిగా ఇవ్వలేదు, రస్ మూడు ఉత్తరాలు రాశాక ఇచ్చాడు. మార్నీ కొట్టులో మళ్లీ రైతులకు జవాబులు చెప్పడం మొదలుపెట్టింది గాని, బడిలో మిస్ పెన్‌రోజ్ పలకరిస్తే అవసరమైనంతే పలికేది.

మరుసటి ఏడాది మార్చిలో తల్లిదండ్రుల సభ జరిగింది. మార్నీకి ఇచ్చిన వెసులుబాటు మిగతా పిల్లలకు అన్యాయమని ఇద్దరు ముగ్గురు గట్టిగానే గొడవపడ్డారు. ఒకాయన, "రేపు మావాడు కూడా చెయ్యి నొప్పంటాడు, కంప్యూటరిస్తారా?" అన్నాడు. కొందరు నవ్వారు. మిస్ పెన్‌రోజ్ నవ్వులు ఆగేదాకా నిలబడి, అప్పుడు మాట్లాడింది.

"ఆ పిల్ల నన్ను క్షమించలేదు. క్షమించాలని నేను అడగను కూడా. తన తెలివి చూసి, ఇబ్బంది ఉండదులే, బద్ధకం అనుకున్నాను. తన రాత చూసి, తెలివి ఉండదులే అనుకున్నాను. రెండుసార్లూ తప్పు నాదే, శిక్ష తనకి పడింది. ఇలాంటివాళ్లు ఇప్పుడు కూడా మన తరగతుల్లో ఉన్నారు. సగటు మార్కులతో, అల్లరి లేకుండా, ఎవరి కంటా పడకుండా కూర్చుని ఉన్నారు. అసాధారణమైన తెలివి, నిజమైన వైకల్యం ఒకే బిడ్డలో ఉండొచ్చు. తెలివికి పని ఇవ్వండి, వైకల్యానికి సాయం ఇవ్వండి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యకండి."