మూడు సెకన్లు, అయిదు సెకన్లు

పూర్ణచంద్రరావు నాశనమైపోవాలని ఏడు నెలలు కోరుకున్నాను. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడూ అదే కోరుకున్నాను. దేవుడికి కోపం వస్తే రానీ అనుకున్నాను.

నేను బాపట్లలో ఫిజిక్స్ టీచర్ని. మా నాన్న తోమాసు ఇరవై రెండేళ్లు తెనాలిలో పూర్ణచంద్రరావు ధాన్యం లారీ నడిపాడు. ఒకరోజు రేపల్లె వెళ్తుంటే జంపని దగ్గర పుష్పలత అనే కూలీ సైకిలు మీద అడ్డొచ్చింది. నాన్న బ్రేకు తొక్కినా లారీ సమయానికి ఆగలేదు. ఆమె అక్కడికక్కడే పోయింది. తోమాసు నిద్రమత్తులో బ్రేకు ఆలస్యంగా తొక్కాడని పూర్ణచంద్రరావు స్టేషన్లో రాసిచ్చాడు. నాన్నకి జైలు తప్పదన్నాడు వకీలు.

వాళ్ల పద్ధతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాటా మీద పది టన్నులు తూచి చీటీ తీసుకుంటారు. ఊరు దాటాక మిగతా బస్తాలు ఎక్కిస్తారు. ఆ రోజు పోలీసులు వచ్చేలోపే పైబస్తాలన్నీ వేరే లారీలోకి మారిపోయాయి. నాన్న మాత్రం నోరు విప్పలేదు. "ఆయన ఉప్పు తిన్నానమ్మా" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి పూర్ణచంద్రరావు దగ్గరికే వెళ్లాను.

"మీ లారీకి బ్రేకులు లేవని కోర్టులో చెప్తామండి."

కుర్చీలోంచి లేచిపోయాడు. "నా బండికి వంక పెడతావా? బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని పిలిపిస్తా! ఆ రోజు లోడే ఎక్కించి చూపిస్తా!"

నాకు కావలసింది అదే.

నందివెలుగు రోడ్డు మీద, చీటీలో ఉన్న పది టన్నుల ధాన్యంతో, నలభై వేగంలో బ్రేకు తొక్కారు. లారీ మూడు సెకన్లలో ఆగింది.

"చూశావా పిల్లా?" అంటూ పూర్ణచంద్రరావు మురిసిపోయి రిపోర్టు మీద సంతకం పెట్టాడు. నేను సంచిలోంచి ప్రమాదం నాటి జీపీఎస్ కాగితం తీశాను. డ్రైవర్ల మీద నమ్మకం లేక లారీకి జీపీఎస్ పెట్టించింది ఆయనే.

"సార్, ఆ రోజూ నలభై వేగమే" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "కానీ వేగం తగ్గడం మొదలయ్యాక ఆగేసరికి అయిదు సెకన్లు పట్టింది. ఆలస్యంగా తొక్కితే ఆ తగ్గడం ఆలస్యంగా మొదలవుతుంది గాని, ఇలా సాగదండి. బ్రేకు బలం అదేనని ఈయనే చూపించారు. బలం అంతే ఉండి నెమ్మదిగా ఆగిందంటే బరువు పెరిగినట్టే. ఇవాళ లారీతో కలిపి పదహారు టన్నులు. ఆ రోజు ఇరవై ఆరు దాటి ఉండాలి."

పూర్ణచంద్రరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు పండగలా ఉంది. ఇంకాసేపు అలాగే చూస్తూ ఉండాలనిపించింది.

"ఈ లెక్కంతా రాసివ్వమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అంతసేపూ వెనక నిలబడ్డ నాన్న దగ్గరికొచ్చాడు.

"మూడు సెకన్లలో ఆగుంటే ఆ తల్లి బతికేదా జెస్సీ?"

లారీ పదకొండు మీటర్లు ముందే ఆగిపోయేది. ఆమెను తాకేదే కాదు.

"బతికేది నాన్నా."

నాన్న తల ఊపాడు. "బరువు ఎక్కువైందని తెలిసే తాళం తిప్పాను. తప్పెవరిదో రాసేచోట ఆయన పేరు కింద నా పేరు కూడా రాయి."

మొదటి పేరు కాగితం చిరిగేలా రాశాను. రెండో పేరు రాయడానికి చెయ్యి ఆడలేదు. నాన్న వంగి, నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు.