వేలు పడని వాళ్ళం

రజని ఆ ఉదయం హాజరు మిషను మీద బొటనవేలు ఏడుసార్లు పెట్టింది. ఏడుసార్లూ ఎర్రలైటే. నాగాయలంక రోడ్డు పక్కన రొయ్యలు ఒలిచే షెడ్డు మాది. మాది అంటే మేం పనిచేసేదని, హక్కుందని కాదు.

“వేలు పడకపోతే లిస్టులో లేనట్టే. ఇంటికెళ్ళమ్మా,” అన్నాడు కాంట్రాక్టరు బాబ్జీ.

“పన్నెండేళ్ళ నుంచి వస్తున్నానండీ. నన్నెరగరా?”

“నేనెరిగితే సరిపోద్దా? మిషను ఎరగాలి!”

మేం తలలు వంచుకుని లోపలికి వెళ్ళిపోయాం. నాకిప్పటికీ సిగ్గే. మా వెనకాలే తలుపుకి బయట గడియ పడింది. లారీ లోడు ఒలవడం అయ్యేదాకా తీయరు.

నా మనవరాలు అలేఖ్య బందరులో డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క నా పక్కనే నిలబడి ఒలుస్తోంది. అన్నం వేళ ఐసుపొడి మీద రొయ్య ముల్లుతో అక్షరాలు గీసి మాకు నేర్పేది. నాంచారమ్మ అని నా పేరు రాయడానికి నెల పట్టింది. రాసింది రాసినట్టే కరిగిపోయేది. మళ్ళీ రాసేదాన్ని.

ఆ రోజు దాని చెయ్యి ఆడలేదు. “మామ్మా, నీ వేలు చూపించు. అందరూ చూపించండి.”

నలభై వేళ్ళు లేచాయి. అన్నీ గాజుపలకల్లా నున్నగా ఉన్నాయి. మూడోసారికో నాలుగోసారికో పడుతున్నాయి, అంతే. మా వేళ్ళదే తప్పనుకుని, ఒకరికొకరం చెప్పుకోకుండా రోజూ కొబ్బరినూనె రాసుకుంటున్నాం.

“గీతలు ఎటుపోయాయి? ఈ పొట్టులోనే, ఈ ఐసులోనే. ఇవాళ రజనక్క. రేపు?”

“నువ్వు చదువుకున్నావు, ఎక్కడైనా బతుకుతావు. మా సంగతేంటే?” అని విరుచుకుపడింది హిమబిందు.

“ఎక్కడైనా బతికేదాన్నైతే ఇక్కడ రొయ్య తలలు తీస్తానా వదినా?”

ఎవరో నవ్వారు. నేను చేతిలో రొయ్య కింద పెట్టాను. హిమబిందు పెట్టింది. తర్వాత అందరూ.

ఐసు కరిగి పాదాల చుట్టూ నీళ్ళు చేరాయి. “ఒలుస్తారా, అక్కడే కుళ్ళుతారా?” అని బయటినుంచి అరిచాడు బాబ్జీ.

“రజనిని రానియ్యి, ఒలుస్తాం!”

వాసన మొదలైంది. ఊపిరాడలేదు. ఎవరూ రొయ్య ముట్టలేదు.

మధ్యాహ్నం పోలీసులొచ్చి తలుపు తీయించారు. అలేఖ్యని జీపెక్కించారు. అది మమ్మల్ని రెచ్చగొట్టిందని కాగితం రాసి, సిరా డబ్బా నా ముందు పెట్టారు. “వేలెయ్యి మామ్మా.”

వేశాను. నీలం మరక తప్ప గీత పడలేదు.

“ఇదేం ముద్ర?”

“ఇంతే పడుద్దండీ. వేలు పడకపోతే లిస్టులో లేనట్టేగా, సాక్ష్యం ఎలా చెప్తాను? పేరు రాయడం వచ్చు. ఈ కాగితం మీద మాత్రం రాయను.”

జీపు వెళ్ళిపోయింది. అలేఖ్య ఇంకా రాలేదు.

మర్నాడు మిషను ఎవరం ముట్టుకోలేదు. నోటుపుస్తకంలో మొదట రజని పేరు, కింద అలేఖ్య పేరు, ఆ కింద నాది, వంకరగా. రాయడం రానివాళ్ళకి పక్కవాళ్ళు చెయ్యి పట్టి రాయించారు. పుస్తకం షెడ్డు గేటు సందులోంచి బాబ్జీకి చూపించాను.

“మా హాజరు ఇదీ.”

అతను గేటు తీయలేదు. మేం కదల్లేదు. మా వెనక, లోపలికి పోలేక ఆగిన రొయ్యల లోడు లారీ కింద ఐసు నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.