మేస్త్రీ మార్కులు

ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి వడ్రంగి మేస్త్రీ షెడ్డులో రంపాలన్నీ నోళ్లు మూసుకుంటాయి. రంపపు పొట్టు ఊడ్చేసి, సగం చేసిన తలుపుల్ని గోడకి ఆనించి, దొరికిన బల్ల మీద దొరికినట్టు ఇంటివాళ్లూ మిత్రులూ సర్దుకుంటారు. మనిషికో పాట ఫోనులోంచి పెట్టాలి. పాట నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు. అయ్యాక మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీసి, ఒక చెక్కముక్క మీద పదికి ఇన్ని మార్కులని వేస్తాడు. పాట వినిపించే స్పీకర్ల పెట్టెలు ఆయన చేతిపనే కాబట్టి అక్కడ ఆయన ఆడింది ఆట, పాడింది పాట. ఆయన జన్మలో పాడింది లేదు, అది వేరే సంగతి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయనకి రెండేళ్లుగా సరిగ్గా వినపడదు. ముప్పై ఏళ్లు కోత మిషను పక్కన నిలబడితే ఏ చెవులు మాత్రం మిగులుతాయి? ఎడమ చెవి ఎప్పుడో చేతులెత్తేసింది. కుడి చెవి దగ్గరకొచ్చి మాట్లాడితే ఫర్వాలేదు, ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తాడు. పాట మాత్రం పక్కవీధిలో ఎవరో సామాను సర్దుతున్నట్టు ఉంటుంది. ఆ మాట బయటపెడితే వారానికొక్కసారి దక్కే పెద్దరికం కాస్తా పోతుంది. అది ఆయనకి ప్రాణం.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. భార్యకి పాట నచ్చితే ఆవిడ కుడికాలి బొటనవేలు తనంతట తానే తాళం వేస్తుంది. ఆవిడకే తెలియదు పాపం. వేలు హుషారుగా ఆడితే ఎనిమిది, బద్ధకంగా ఆడితే ఆరు, అసలు కదలకపోతే మూడు. ఇన్నాళ్లలో ఒక్కసారీ దొరికిపోలేదు.

ఆ ఆదివారం మొదట మంగలి మిత్రుడు పాట పెట్టాడు. ఎనిమిది. తర్వాత భార్య తమ్ముడు, బస్సు డ్రైవరు, పెట్టాడు. ఎప్పట్లాగే మూడు.

"నేనేం పాపం చేశాను బావా?" అని అతను మొహం వేలాడేశాడు.

"రుచి ఉండాలోయ్ బామ్మర్దీ," అన్నాడు మేస్త్రీ దర్జాగా.

ఆఖరున కూతురు ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది. మందుల షాపులో పని చేస్తుంది, ఎప్పుడూ గలగలమనే పిల్ల. ఇవాళ ముక్తసరిగా మాట్లాడింది.

"ఎవరో కొత్తమ్మాయి పాడింది నాన్నా. పేరు అడగొద్దు. విని ఉన్నదున్నట్టు చెప్పు."

పాట మొదలైంది. మేస్త్రీ తల పంకిస్తూ ఓరకంట భార్య కాళ్లవైపు చూశాడు. వేలు కదల్లేదు. ఆవిడ చేతులు బిగించుకుని బొమ్మలా కూర్చుంది. పాట అయిపోయినా వేలు కదల్లేదు.

"మూడు," అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఆయన మేస్త్రీ ఎందుకవుతాడు? "గొంతులో జీవం లేదమ్మా. ఆ పిల్లని వేరే పని చూసుకోమను."

కూతురు మొహంలో నెత్తురుచుక్క లేదు. భార్య లేచి ఆయన ముందుకొచ్చింది.

"అది మన పిల్ల గొంతండీ! రేపు పాటల బృందంవాళ్ల పరీక్షకి వెళ్దామనుకుంది. మీరేమంటారోనని నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను!"

"ఊరుకో అమ్మా," అంది కూతురు. "నాదని తెలిస్తే నాన్న పదికి పదకొండు వేసేవాడు. తెలియక చెప్పిందే నిజం. రేపు వెళ్లను."

మేస్త్రీ పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. ఊరుకుంటే పెద్దరికం దక్కుతుంది. కానీ పిల్ల ఫోను సంచిలో పెట్టేసుకుంటోంది.

"నేను వినలేదమ్మా," అన్నాడు. "నాకు వినపడదు. రెండేళ్లయింది. మీ అమ్మ బొటనవేలు చూసి మార్కులు వేస్తున్నాను."

ముందుగా తేరుకున్నది బస్సు డ్రైవరే.

"అంటే రెండేళ్లుగా నాకు మూడేసి మార్కులు వేస్తోంది నువ్వా అక్కా!"

మంగలి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదేనయ్యా! మేం వరసకట్టి మరీ ఊదాం!"

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. అయినా పక్కనున్న బల్ల చేత్తో తుడిచి కూతుర్ని పిలిచాడు.

"ఇటు కుడివైపు కూర్చో. చెవిలో పాడు. ఈసారి ఉన్నదున్నట్టే చెబుతాను."

ఆమె కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యేసి పాడింది. మొదట గొంతు వణికింది, తర్వాత కుదురుకుంది. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. పై స్థాయి కొంత అందలేదు గానీ, తక్కిందంతా పదం పదం వినిపించింది. ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసింది.

"ఏడు," అన్నాడు చివరికి.

"సొంత కూతురికి ఏడేనా?" అంది భార్య.

"రెండో చరణంలో ఊపిరి చాలక తొందరపడింది మరి."

కూతురు ఆయన మొహంలోకి చూసింది. రికార్డు చేసినప్పుడు నాలుగుసార్లూ ఆమె తొందరపడింది సరిగ్గా అక్కడే. ఎవరూ పట్టుకోలేదు.

"నిజంగా విన్నావు నాన్నా," అంటూ నవ్వుతూనే ఏడ్చేసింది. "రేపు వెళ్తాను."

"వెళ్లు. దారిలో నన్ను చెవుల డాక్టరు దగ్గర దింపేసి వెళ్లు."