ఎంగిలి గరిటె

నేను కుంభకోణంలో కాపురం మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఇదీ: మా అమ్మ నూనె పట్టించి పదును చేసి ఇచ్చిన ఒక రాచ్చిప్ప, ఆవిరి పీల్చి పులుపెంతో కారమెంతో చెప్పగల ముక్కు, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నిలబడగల కాళ్లు. చెంపకం అని ఒక పేరు కూడా ఉండేది కాని, ఆ ఇంట్లో అది వాడకంలోకి రాలేదు. మా ఆయనకు నేను ‘ఏమే’ని. అత్తగారికి ‘అమ్మాయ్’ని. సరుకు కొనడానికి వచ్చేవాళ్లకైతే నేను ‘లోపలి ఆడవాళ్లు’.

“లోపలి ఆడవాళ్లు మడిగా చేస్తారండీ. నేను రుచి చూసి సరేనంటేనే సీసాలోకి ఎక్కుతుంది” అని మా ఆయన సభేశన్ అరుగు మీద కూర్చుని చెప్పేవారు.

ఇంటి వీధిగదే మా దుకాణం. సాంబారు పొడి, చారు పొడి, ఎండబెట్టిన ఉస్తికాయలు ఉండేవి. అన్నిటికన్నా ఎక్కువ పోయేది వత్తకుళంబు. ఎండు ఉస్తికాయల్ని నువ్వులనూనెలో వేయించి, చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలి గరిటె నిలబడేంత చిక్కగా కాస్తే, అది నెలల తరబడి చెడదు. సీసా మీద ‘సభేశయ్యర్ వత్తకుళంబు’ అని ఉండేది. సభేశయ్యర్‌కు చింతపండు ఏ డబ్బాలో ఉంటుందో తెలియదు.

ఆ వంటింట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఉప్పు అత్తగారి చేత్తోనే పడాలి. దేవుడికి నైవేద్యం కాకముందు వండినవాళ్లు దాన్ని నాలుక మీద పెట్టుకోకూడదు, పెట్టుకుంటే గిన్నెడూ ఎంగిలే. మా అత్తగారు వాలాంబాళ్ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ అలాగే వండారు. నైవేద్యం అయ్యాకనైనా మా వంతు వెంటనే వచ్చేది కాదు. మగవాళ్లు, పిల్లలు, వచ్చిపోయేవాళ్లు తిని లేచాక, గిన్నె అడుగున చల్లారి పేరుకున్నది మేమిద్దరం మజ్జిగన్నంలో నంజుకునేవాళ్లం. కుళంబు వేడిగా పొగలు కక్కుతున్నప్పుడు ఎలా ఉంటుందో దాన్ని చేసే మా ఇద్దరికీ తెలియదు. ఆయనకు మాత్రమే తెలుసు. పంక్తిలో ముందు ఆయన ఆకులో గరిటెడు వెయ్యాలి. ఆయన వేలితో అద్దుకుని, కళ్లు మూసుకుని, “ఉప్పు ఒక రవ్వ తక్కువైందే. సరే, వడ్డించు” అనాలి. ఆ తర్వాతే మిగతా ఆకుల్లోకి. పండగనాడూ తక్కువే, తద్దినంనాడూ తక్కువే. వేసే చెయ్యి అత్తగారిది, పడే మాట నాది. ఆవిడకు మరుపు మొదలయ్యాక, ఆవిడ మరిచిపోయిన రోజున ఉప్పు నేనే చాటుగా వేసేదాన్ని. అప్పుడు ఒకసారి కాస్త పెంచి చూశాను. తక్కువే అన్నారు. బజార్లో ఎవడైనా త్రాసువైపు చూడకుండా ప్రతి బేరానికీ ఒకే తూకం చెబితే, రెండోసారి వాడి గడప తొక్కుతామా? ఇంట్లో మాత్రం ఆ తూకాన్నే నమ్మి, పెళ్లయినప్పటినుంచీ నన్ను నేను ఒక రవ్వ తక్కువగానే చూసుకుంటూ వచ్చాను.

ఇలా ఉండగా కారైక్కుడి నుంచి వయిరవన్ చెట్టియారు వస్తున్నానని కబురు పంపారు. మదురైలో, తిరుచ్చిలో ఆయనకు పెద్ద కిరాణా దుకాణాలు ఉన్నాయి. అన్నింటికీ మా వత్తకుళంబు కావాలట. ఆ కబురు వినగానే మా ఆయన నడకే మారిపోయింది.

“చెట్టియారు మామూలు మనిషి కాదే. మనింట్లో కూర్చుని తింటేగాని మాటివ్వడు. నచ్చిందంటే మాత్రం మనం ఎంత చేస్తే అంతా పట్టుకుపోతాడు.”

“చేసేదెవరండీ?”

“అదేం ప్రశ్న? ఎప్పుడూ చేసేవాళ్లే.”

“ఎప్పుడూ చేసేది రాచ్చిప్పెడు. ఆయన అడిగేది గంగాళాలకొద్దీ.”

“కాస్త ముందు లేస్తే సరి. నీడపట్టున కూర్చుని చేసే పనేగా! ఎండలో ఊళ్లు పట్టుకు తిరిగేది నేను.”

వంటింట్లో ఎవరైనా కూర్చోవడం ఆయన ఎప్పుడు చూశారో అడగలేదు. బేరం ఎటు పోతోందో నాకు అర్థమైపోయింది. ఆయన సరే అన్న మరుక్షణం నా పగళ్లు అమ్ముడుపోతాయి. లాభం వీధిగదిలో ఉండిపోతుంది, కాళ్లనొప్పులు వంటింటికి వస్తాయి. సరుకు తిరిగొచ్చిందంటే నింద కూడా వంటింటికే. అందుకని ఆయన సరే అనకముందే నా షరతులు చెట్టియారు చెవిన పడాలి. లోపలి మనిషి వీధిగదిలోకి వెళ్లి మాట్లాడాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. నా చేతిలో ఏముందా అని ఆ రెండు రోజులూ పప్పు రుబ్బుతూ, ఉస్తికాయలు ఏరుతూ ఆలోచిస్తూనే ఉన్నాను.

చెట్టియారు వచ్చిన రోజున అత్తగారు నాకన్నా ముందే స్నానం చేసి, తడిచీరతో పొయ్యి దగ్గరికి చేరారు. పప్పు, పొట్లకాయ కూటు, అరటికాయ వేపుడు, చారు, పాయసం అయ్యాయి. కుళంబు మీద నూనె తేలుతోంది. ఉప్పు జాడీ వంక చూసి అత్తగారు గొణుక్కున్నారు.

“అప్పుడే ఇంత కిందికి పోయిందేమిటే? నేను తీసింది గుప్పెడేగా!”

గరిటె పక్కన పెట్టాను. “దేనికి తీశారత్తయ్యా?”

“కుళంబులోకే. పెద్దమనిషి వస్తున్నాడు, మరిచిపోకూడదని అన్నిటికన్నా ముందు అదే వేశాను.”

“నేనూ వేశాను.”

“నువ్వెందుకు వేశావే? ఈ ఇంట్లో ఉప్పు నాదిగా!” అన్నారు, అంతలోనే ఆవిడ ముఖం వాడిపోయింది. “కూటులో వేశానేమో. ఏమోనే, గుర్తు రావట్లేదు.”

హాల్లో ఆకులు పరుస్తున్న చప్పుడు. కుళంబులో ఉప్పు రెండుసార్లు పడిందో ఒక్కసారో తేల్చుకోవడానికి లోకంలో ఉన్న దారి ఒక్కటే. పాయసం, పప్పు, అన్నం నైవేద్యానికి వేరే తీసి పెట్టాను. గరిటె కొసన కొంచెం కుళంబు తీసి, ఊది, నాలుక మీద వేసుకున్నాను.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ! దేవుడికి చూపలేదే!”

“దీన్ని దేవుడి దగ్గరికి పంపనులెండి అత్తయ్యా. మనం పెట్టింది ఆయన ఇన్నేళ్లూ వంక పెట్టకుండా తిన్నాడు. వంకలన్నీ హాల్లోంచేగా వచ్చేవి.”

ముందు తగిలింది ఉప్పు, సముద్రం నోట్లోకి వచ్చినట్టు. దాని వెనక పులుపు, మెంతుల సన్నటి చేదు, ఉస్తికాయ కొరికితే గొంతు దాకా పాకే వేడి. ఉప్పు చెడగొట్టినా సరే, అది గొప్ప వస్తువని తెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఏం అమ్ముతున్నానో తెలియకుండా అమ్మాను. ఇప్పుడు తెలిసింది. నా చేతిలో ఏముందన్న ప్రశ్నకు జవాబూ అదే.

నైవేద్యం అయింది. చెట్టియారు, మా ఆయన ఎదురెదురుగా కూర్చున్నారు. కూటు, వేపుడు వడ్డించాక, పద్ధతి ప్రకారం కుళంబు గరిటెడు ముందు మా ఆయన ఆకులో వేశాను. ఆయన అద్దుకున్నారో లేదో, మాట్లాడుతున్న మాట ఆపకుండానే,

“ఉప్పు ఒక రవ్వ తక్కువైందే. సరే, వడ్డించు” అన్నారు.

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను.

“చెట్టియారుగారూ, ఈ కుళంబు మీకు వడ్డించను. ఉప్పు రెండుసార్లు పడింది. చింతపండు పులుసు, కాయలు ఇంకొన్ని వేసి సరిచేసి తెస్తాను. ఈలోగా చారు పోయిస్తాను, ఏమీ అనుకోకండి.”

మా ఆయన అప్పుడు నిజంగా ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. ఉమ్మలేక, మింగలేక, నీళ్ల చెంబు అందుకున్నారు. చెట్టియారు తల వంచుకుని అరటికాయ ముక్కలు జాగ్రత్తగా లెక్కపెడుతున్నట్టు నటించారు. మర్యాదస్థుడు. తర్వాత నా వైపు తిరిగి అడిగారు.

“రెండుసార్లు పడిందని నీకెలా తెలిసిందమ్మా?”

“రుచి చూశాను.”

“అయ్యో, మడి!” అన్నారు మా ఆయన.

“నోటితో చూడకుండా ఇంకెలా చూస్తారు అయ్యరుగారూ?” అన్నారు చెట్టియారు. “మా ఇంటావిడ ఆచ్చి అయితే ఉప్పు చూస్తూ చూస్తూ సగం గిన్నె అక్కడే ఖాళీ చేస్తుంది. నేను మాట్లాడితే, మిగిలింది తింటావా మానేస్తావా అంటుంది.”

సరిచేసిన కుళంబు వచ్చింది. చెట్టియారు మూడుసార్లు వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని తాంబూలం అందుకుంటూ మా ఆయన వైపు తిరిగి, “ఎంత పంపగలరు?” అన్నారు.

“మీరెంతంటే అంత...”

“అందులో సగం” అన్నాను నేను గుమ్మం దాటి వచ్చి. “మొదట సగమే. వీధిలో ఇద్దరు ఆడవాళ్లను జీతానికి పెట్టుకుంటాను. నేను రుచి చూడనిదే ఒక్క సీసాకూ మూత పడదు. వండే పని నాది కనుక బేరం నాతో. డబ్బు నా చేతికి.”

“సీసా మీద పేరు?” చెట్టియారు కళ్లు చిన్నవి చేసి అడిగారు.

“అయ్యరుగారిదే ఉండనివ్వండి. జనానికి అలవాటైన పేరు. దానివల్ల నాలుగు సీసాలు ఎక్కువే పోతాయి.”

ఆయన పెద్దగా నవ్వి, “ఈ అమ్మతో బేరం కష్టమే” అని, సరేనన్నారు.

చెట్టియారు బండి మలుపు తిరిగాక మా ఆయన గొంతు లేచింది. “వచ్చినవాడి ముందు నా పరువు తీశావు!”

“నేను కుళంబు గురించి చెప్పానండీ. మీ గురించి ఒక్క మాటైనా అన్నానా?”

  ఆ తర్వాత ఆయన చాలా రోజులు నాతో మాట్లాడ్డం మానేశారు, తినడం మానలేదు. ఉప్పు గురించి మాత్రం మళ్లీ ఎన్నడూ నోరెత్తలేదు.

చెట్టియారు వచ్చిన ఆవేళే, నేను తినడానికి వంటింట్లోకి వెళ్లేసరికి అత్తగారు పీట వాల్చుకోలేదు. పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నారు. మిగిలిన కుళంబు నిప్పుల మీద సన్నగా కుతకుతలాడుతోంది, ఆవిడే మళ్లీ వేడికి పెట్టినట్టున్నారు. నా వైపు చూడకుండా అరచెయ్యి చాపారు.

“ఎలా ఉంటుందే అది, వేడిగా?”

గరిటెతో కొంచెం ఆ అరచేతిలో వేశాను. ఊదుకుని, నాలుక మీద వేసుకుని, మా ఆయనలాగే కళ్లు మూసుకున్నారు. కాని వెంటనే తెరవలేదు.

“కారం ఎక్కువైందే” అన్నారు చివరికి. “మెంతులు కూడా ఇంకాస్త వేగాలి. అయినా బాగుంది.”

నిజమే. కారం ఒక పిసరు ఎక్కువే. మర్నాటి వాయిలో తగ్గించాను, మెంతులు ఎర్రబడేదాకా ఆగాను. చెట్టియారి సరుకు వల్ల ఏం మిగిలిందో ఆయనా చెప్పగలరు, మా ఆయనా చెప్పగలరు. నా లెక్కలో అన్నిటికన్నా పై లాభం అత్తగారి మాట. నేను వండినదాన్ని నిజంగా రుచి చూసి, ఒక మనిషి నాతో అన్న మొదటి మాట అది.