బూడిద కలిపిన బాట

అక్క మొగుడు రోడ్ల కాంట్రాక్టరు కావడం తాను చేసుకున్న పుణ్యమో పాపమో ఆ ఇంజినీరమ్మకు ఇంకా తేలలేదు. మట్టిని పరీక్షించి గుణం చెప్పడం ఆమె ఉద్యోగం. ఆమె చెప్పినదాన్ని వెక్కిరించడం బావ హక్కు.

ఊరి చివర కొత్త రోడ్డు పడాల్సిన నేలంతా జిగట బంకమన్ను. వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే నోళ్లు తెరుస్తుంది.

“అచ్చం మీ అక్కే,” అన్నాడు బావ, మట్టిముద్దను వేళ్లతో నలుపుతూ. “ఉబ్బితే ఆరదు, ఆరితే నోరు మూయదు.”

“ఈ మాట అక్కతో చెప్పనా?”

“ముందు మందేంటో చెప్పు తల్లీ!”

థర్మల్ విద్యుత్ కేంద్రం వెనక బొగ్గు బూడిద గుట్టలుగా పడి ఉంది. దాన్ని కొంచెం సున్నంతో కలిపి ఈ మట్టికి పట్టిస్తే గట్టిపడుతుందని ఆమె చెప్పింది. బావ పగలబడి నవ్వాడు.

“గిన్నెలు తోముకునే బూడిదతో రోడ్డేస్తే నన్ను ఊళ్లో ఉండనిస్తారా?”

అయినా మరదలి మాట తీసిపారేయలేక ఒక బేరం పెట్టాడు. పునాదిలో ఎడమ సగం ఆమె చెప్పినట్టు, కుడి సగం తన పాత పద్ధతిలో కంకర పోసి. ఎడమ పక్క బూడిద, సున్నం చల్లి, నీళ్లు చిలకరించి, కలియదున్ని, రోలరుతో తొక్కించారు. వారం దాకా దానిమీద ఏ బండీ ఎక్కకూడదంది ఆమె.

“రోడ్డేమైనా పురిటాలా, వారం మంచం దిగకుండా?”

పనివాళ్లంతా నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని తనకు తాను చెప్పుకుంది. అయినా, తడి ఆరితే సరిగా గట్టిపడదని, రోజూ పొద్దున్నే వచ్చి వంగి చూసుకునేది.

ఆ తర్వాత ముసురు పట్టింది. వాన తెరిపివ్వగానే బావ అక్కను కారెక్కించుకుని వచ్చి, మరదలు చూస్తుండగా దర్జాగా తన కుడి సగం మీదికే పోనిచ్చాడు. నాలుగు బారలు పోకముందే చక్రాలు కూరుకుపోయాయి. అక్క తలుపు తీసి, చెప్పులు చేతపట్టుకుని, ఒక్క అంగలో ఎడమ పక్కకు గెంతింది. కాలి కింద నేల చెక్కుచెదరలేదు.

“ఇటు గట్టిగానే ఉంది, రండి,” అంది మొగుడితో.

బావ సీట్లోంచి కదల్లేదు. “మీరు పదండి. కారొక్కటే ఉంటే దిగులు పడుతుంది.”

ఎండలు వచ్చాక పై అధికారులు రోడ్డు చూడ్డానికి వచ్చారు. బావ చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు.

“ఈ బూడిద ఆలోచన మాదేనండీ.”

‘మాదే’ దగ్గర గొంతు కాస్త తగ్గింది.

“ఏ పాళ్లలో కలిపారు?” అడిగాడు పెద్ద అధికారి.

బావ మరదలి వంక చూశాడు. మరదలు ఆకాశం వంక చూసింది.

“అదీ... రుచికి సరిపడా.”

ఇక ఆమె నవ్వాపుకోలేక ముందుకొచ్చి అన్నీ వివరించింది. బావ పక్కనే నిలబడి ప్రతి మాటకూ తలూపుతూ, సందు చూసుకుని గొణిగాడు.

“కుడి సగం తవ్వించేస్తున్నా. పొద్దున్నే వస్తావుగా?”

“అక్కనడిగి చెప్తాను బావా,” అంది ఆమె.

ఆ సాయంత్రమే బూడిద లారీలకు తానే ఫోను చేసింది.