జనాన్ని పిలిచిన మైకు

నేను ఒక మైకుని. ఇప్పటివాళ్ళ చేతుల్లో కనిపించే తీగ లేని నాజూకు రకం కాదు. పిడికిలి నిండా బరువుండి, తలకి ఇనపజల్లెడ, తోకకి పొడుగాటి తీగ ఉన్న పాతకాలపు మైకుని. నాకంటూ సొంత మాట లేదు. ఎవరి నోటిముందు పెడితే వాళ్ళ మాటని పెద్దది చేసి అవతల పడేయడమే నా పని. అందుకే ఏం జరిగినా నా మీద ఎవరికీ కోపం రాదు. ఆ కోపమంతా నన్ను పట్టుకున్నవాడు మొయ్యాలి.

ఢిల్లీలో ఎండ పడని ఒక సందులో నన్ను తయారుచేశారు. ఒకావిడ భూతద్దం కింద నా లోపలి సన్నతీగల్ని అతికి, పని అయ్యాక నోటిదగ్గర పెట్టుకుని "హలో" అంది. పక్కగదిలో తన గొంతు మోగడం విని సిగ్గుపడి నవ్వేసింది. తరవాత నేను చాలామందిని చూశాను. తన గొంతు పెద్దగా వినపడితే మనిషి మొదట సిగ్గుపడతాడు, ఆ పైన దానికి మరుగుతాడు.

అక్కణ్ణించి లారీలో పడి విజయనగరం అవతల ఒక జూటుమిల్లు ఊరికి వచ్చాను. సౌండు షాపు కామేశం నన్ను పెళ్ళిళ్ళకీ, తిరనాళ్ళకీ, ఓట్ల మీటింగులకీ తిప్పాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు పిలిచాను. ఇచ్చిన మాట తప్పను అని ఒట్టు పెట్టుకున్నవాళ్ళ ఉమ్మి తుంపర్లు భరించాను. తీగ లేని మైకులు వచ్చాక కామేశానికి నేను బరువైపోయాను. అప్పుడు నన్ను అడిగి పట్టుకెళ్ళినవాడు ముత్యాలు.

ముత్యాలు జూటుమిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. ఆ మోతలో పక్కవాడితో మాట్లాడాలన్నా కడుపులోంచి అరవాలి. అలా అరిచి అరిచి సానదేరిన గొంతు అతనిది. మామూలుగా మాటకారి కాదు. ఇంట్లో కూర బాగుందో లేదో కూడా చెప్పేవాడు కాదని వాళ్ళావిడ అనేది. కానీ ఏటా చలికాలంలో మిల్లు గ్రౌండులో కబడ్డీ పోటీలు మొదలై, నేను అతని చేతికొస్తే చాలు, వేరే మనిషి అయిపోయేవాడు. కూతకెళ్ళిన పిల్ల గీత తాకేలోపు అతని గొంతు ఆమెతోబాటు పరిగెత్తేది. ఆట తెలీని ముసలమ్మలు కూడా అతని మాట వినడానికి వచ్చి కూర్చునేవారు.

అతని స్నేహితుడు దాలినాయుడు. ఇద్దరూ ఒకేసారి మిల్లులో చేరారు. దాలినాయుడు ఒకప్పుడు మంచి ఆటగాడు. మోకాలు దెబ్బతిన్నాక కూలీల సంఘానికి నాయకుడయ్యాడు, సాయంత్రాలు మిల్లువాళ్ళ ఆడపిల్లలకి కబడ్డీ నేర్పేవాడు. వాళ్ళలో అతని కూతురు హైమావతి కూతకెళితే ఆపడం కష్టం. ముత్యాలుని మావా అని పిలిచేది. మైకులో తన పేరు ఎలా పలకాలో అతనికి తనే నేర్పింది, హై అన్నచోట కాస్త సాగదియ్యాలని.

ఇంతలో కరోనా వచ్చింది. మిల్లు ఆగింది. గ్రౌండుకి తాళం పడింది. మునిసిపాలిటీ వాళ్ళు నన్నూ ముత్యాలునీ ఒక ఆటో ఎక్కించి వీధివీధికీ తిప్పారు. ఇళ్ళలోంచి బయటికి రాకండి, నలుగురు ఒకచోట చేరకండి అని అతను చెబుతుంటే కిటికీల్లోంచి జనం చూసేవాళ్ళు. జనాన్ని పోగుచేయడమే తెలిసిన గొంతుకి చెదరగొట్టడం కొత్త. రెండు మూడు రోజులు తడబడి, తరవాత అలవాటు చేసుకున్నాడు.

లాక్‌డౌను తీశాక దేశంలో అన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మిల్లు తెరుచుకోలేదు. యజమాని గేటుకి నోటీసు అంటించి వెళ్ళిపోయాడు. గింజలు నిండుకున్న ఇళ్ళల్లోంచి ఆడా మగా కదిలి హైవే మీదికి వచ్చారు. ముందు దాలినాయుడు, పక్కన నేను పట్టుకున్న, కాదు, నన్ను పట్టుకున్న ముత్యాలు. నిన్నమొన్నటిదాకా గడప దాటొద్దన్న గొంతే ఇప్పుడు అందరూ రండి అంది. జనం వచ్చారు. చూపు ఆనినంతమేరా తలలే.

గవర్నమెంటు ఆసుపత్రి డాక్టరమ్మ వసుంధర అక్కడికి ఆటోలో మాస్కుల మూటలు వేసుకుని వచ్చింది. వద్దనలేదు. నా దగ్గరికి వచ్చి, మీరు ఎందుకొచ్చారో నాకు తెలుసు, కనీసం ముక్కూ నోరూ మూసుకోండి, కాస్త ఎడంగా నిలబడండి అని బతిమాలింది. కొంతమంది విన్నారు. రోజుల తరబడి సాగిన ఆ పోరాటానికి యజమాని దిగొచ్చి, మిల్లు తెరుస్తానని ఒప్పుకున్నాడు. ఆ తరవాత ఆసుపత్రిలో పెద్దగా రద్దీ పెరగలేదు. లేక పెరిగినా మా ఊళ్ళో తెలీలేదు. జనానికి ధైర్యం వచ్చేసింది.

అప్పుడు లేచింది కబడ్డీ మాట.

ఎంపికైనవాళ్ళకి ఉద్యోగం ఇచ్చే ఒక సర్కారు సంస్థ, తన ఆడపిల్లల జట్టుకి మనుషుల్ని ఎంచుకోవడానికి పెద్దవాళ్ళని పంపుతామంది. హైమావతికి వయసు దాటిపోతోంది. ఆ ఏడు ఎంపిక కాకపోతే ఆ ఉద్యోగానికి ఇక అర్హత లేదు. పోటీలు పెట్టాలంటే ఖర్చు భరించే సిమెంటు వ్యాపారి ఒక మెలిక పెట్టాడు. జనం ఉంటేనే పెడతాడట. ఖాళీ గ్రౌండులో తన బోర్డులు ఎవరు చూస్తారని అడిగాడు.

సంఘం ఆఫీసులో మీటింగు పెట్టారు. డాక్టరమ్మ కూడా వచ్చింది. జనం లేకుండా ఆట పెట్టుకోండి, ఎంపికకి వచ్చినవాళ్ళ ముందు పిల్లలు ఆడతారు, దానికి గుంపెందుకు అంది. పెద్ద పెద్ద ఆటలే ఖాళీ స్టేడియాల్లో జరిపిస్తున్నారని గుర్తుచేసింది. వాళ్ళకి టీవీలున్నాయి, మాకు సిమెంటాయన ఉన్నాడు అన్నారెవరో. నవ్వులు వినిపించాయి. ముత్యాలు నవ్వలేదు. నన్ను పట్టుకుని లేచాడు.

"హైవే మీద నిలబడ్డది ఈ జనమే కదమ్మా. అప్పుడు మీరే మాస్కులు పంచారు. ఇప్పుడు వద్దంటే ఎలాగ?"

"అది తిండి కోసం, ముత్యాలుగారూ."

"మరి ఇదేటమ్మా? మా పిల్లలకి ఇదే మిల్లు."

 డాక్టరమ్మకి ఆ మాట తగిలింది. కానీ తల అడ్డంగా ఊపింది. "మీరు చెప్పేది న్యాయమే. మీరు ఎందుకు పోగయ్యారో ఆ జబ్బు అడగదండీ. అప్పుడు హైవే పొడుగునా పరుచుకుని నిలబడ్డారు. ఇప్పుడు భుజం భుజం రాసుకుని కూర్చుని అరుస్తారు. ఒకసారి తప్పించుకున్నామని రెండోసారి కూడా తప్పించుకుంటామా?"

మీటింగు ముత్యాలు పక్షానే తేలింది. సగం మందినే రానివ్వాలని, సున్నంతో వలయాలు గీసి అందులోనే కూర్చోబెట్టాలని అధికారులు షరతు పెట్టారు. దాలినాయుడు స్వయంగా ఆ వలయాలు గీశాడు.

ఆట రోజు పొద్దున్న జనం వలయాల్లోనే కూర్చున్నారు. ముత్యాలు మాస్కు తీయకుండానే మాట్లాడాడు. మధ్యాహ్నం ఆఖరి పోటీకి చుట్టుపక్కల ఊళ్ళనుంచి ట్రాక్టర్లు దిగాయి. ఇన్నాళ్ళు ఇళ్ళలో మగ్గిన మనుషులు గేటు తోసుకుని వచ్చారు. చెప్పులకింద సున్నం చెదిరి దుమ్ములో కలిసిపోయింది. ఎవరి మొహాన చూసినా సంతోషం. ఇంత సంతోషంగా ఉన్న జనాన్ని నేను అంతకుముందు చూడలేదు, భయపడాల్సింది కూడా అందుకేనని అప్పుడు నాకు తెలీలేదు.

డాక్టరమ్మ జనంలోంచి దారి చేసుకుని ముత్యాలు దగ్గరికి వచ్చింది. "ఆపించండి. మీ మాటే వింటారు వీళ్ళు."

అప్పుడే హైమావతి కూతకి గీత దాటింది. అటువైపు ఎంపికచేసేవాళ్ళు కుర్చీల అంచుకి జరిగారు. ముత్యాలు నన్ను నోటిదాకా తెచ్చాడు.  అతని ఊపిరి నా జల్లెడకి తగులుతోంది. ఆ పిల్ల కూత అయ్యేదాకా ఆగాడు. ఆమె ఒకేసారి ముగ్గుర్ని తాకి తిరిగొచ్చింది. ఆ హోరులో అతని నోటినుంచి వచ్చింది డాక్టరమ్మ అడిగిన మాట కాదు. హై అన్నచోట సాగదీసిన ఆ పిల్ల పేరు.

ఆ తరవాత చెప్పాడు. ఆట ఆపుతున్నాం, దయచేసి వెనక్కి వెళ్ళండి, ఎడంగా ఉండండి అని గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. హాస్యమనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. దాలినాయుడు అందరికంటే ముందు నిలబడి, మాస్కు గడ్డం కిందికి జారి ఉండగా, ఏడుస్తూ నవ్వుతున్నాడు. రండి అన్నప్పుడు వచ్చిన జనం, పొండి అంటే పోలేదు.

హైమావతి ఎంపికైంది.

పక్షం తిరక్కుండా ఆసుపత్రి నిండింది. వరండాలో మంచాలు వేశారు, ఆ తరవాత చాపలు పరిచారు. లోపల ఉన్నవాళ్ళ సమాచారం తెలీక బంధువులు గేటు దగ్గర పోగయ్యేవారు. ముత్యాలు ఎవరూ పిలవకుండానే నన్ను పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. ఫలానా పేరుగలవారి మనుషులు రావాలి అని పిలిచేవాడు. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళకి లోపలి కబురు చెప్పేవాడు. పొద్దున మొదలుపెడితే గొంతు ఎండిపోయేదాకా అదే పని.

దాలినాయుడు కూడా లోపలే ఉన్నాడు, గొట్టంతో గాలి పెట్టారు. ఒకరోజు డాక్టరమ్మ నీళ్ళు తాగడానికి బయటికి వస్తే ముత్యాలు ఎదురెళ్ళాడు.

"ఆటలోనే అంటిందని చెప్పెయ్యండమ్మా."

ఆమె మొహం వాచిపోయి ఉంది. చెప్పలేనంది. మిల్లు తెరిచారు, బస్సులు తిరుగుతున్నాయి, సంతలున్నాయి, ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరంది. అతని ముందు చేతులు జోడించి లోపలికి పోయింది. అతనికి కావలసింది ఊరడింపు కాదు. తప్పు నీదే అని ఎవరైనా అంటే దాన్నైనా పట్టుకుని నిలబడేవాడు. అదీ దొరకలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి మనిషి చెవిలో ఒక పేరు చెప్పి వెళ్ళాడు. ముత్యాలు నన్ను ఎత్తాడు. గేటు అవతల జనం చూస్తున్నారు. వాళ్ళలో హైమావతి ఉంది. పిలవాల్సింది ఆమెనే. పిలవలేకపోయాడు. నన్ను స్టూలు మీద పెట్టి, గేటు తీసి, ఆమె దగ్గరికి నడిచాడు. నా స్విచ్చి కట్టెయ్యడం మరిచిపోయాడు. అతను చెప్పిన మాట నాదాకా రాలేదు, చాలా మెల్లగా చెప్పి ఉంటాడు. జనంలోంచి ఒక్క దగ్గు కూడా వినపడలేదు.

చాలాసేపటికి ఇద్దరూ వచ్చి నా పక్కనే గట్టుమీద కూలబడ్డారు. ముత్యాలు ఏదో అనబోయాడు, కూత అయ్యేదాకా ఆగకుండా ఉండాల్సిందని. ఆమె పూర్తి కానివ్వలేదు.

"ఆ రోజు నా కూత మధ్యలో ఆపేసుంటే, ఈ జన్మలో నీ మొహం చూసేదాన్ని కాదు మావా."

ఆ మాట తీగలగుండా వెళ్ళి గేటుకి కట్టిన బాకాలో పలికింది. గేటు దగ్గర ఉన్నవాళ్ళంతా విన్నారు. ఎవరూ ఆమెని తప్పుపట్టలేదు. వాళ్ళలో చాలామంది ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళే.

 లోపల్నించి ఆసుపత్రి మనిషి మళ్ళీ వచ్చి ముత్యాలు చెవిలో ఇంకో పేరు చెప్పాడు. అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. నన్ను చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుని, ఆ పేరు పిలిచాడు.